‘హార్డ్’ అంటే కష్టమా, గట్టిదా? ఎక్కడ ఎలా వాడాలి

కడపలో డిగ్రీ పిల్లలకు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంటాను. కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “హార్డ్ అంటే కష్టం కదా, మరి హార్డ్ వాటర్ అంటే కష్టమైన నీళ్లా?” దాని వెనకే రెండోది వస్తుంది: “హార్డ్‌కూ హార్డ్లీకీ తేడా ఏమిటి?” మొదటిది తెలియకపోతే పెద్ద నష్టం లేదు, అడిగి తెలుసుకోవచ్చు. రెండోది తెలియకపోతే మాత్రం నష్టమే. కష్టపడి చదువుకున్న పిల్లలు బెంగళూరు దాకా ఇంటర్వ్యూకు వెళ్లి, ‘నేను కష్టపడి పనిచేస్తాను’ అని చెప్పబోయి “ఐ వర్క్ హార్డ్లీ” అంటారు. ఎదుట కూర్చున్నవాళ్లకు అది ‘నేను పనిచేయడం అంతంతమాత్రమే’ అన్నట్టు వినిపిస్తుంది. అన్నేళ్ల శ్రమ రెండు అక్షరాల వల్ల తలకిందులు కావడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఈ ఒక్క మాటను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

కావలసినవి

ఒక నోటుపుస్తకం. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువు ఒకటి, ఫోనులో ఉన్నా చాలు. మాటకు అర్థం మాత్రమే ఇచ్చి వదిలేసే నిఘంటువు పనికిరాదు, ఉదాహరణ వాక్యాలు ఇచ్చేది కావాలి. ఫోనులో గొంతు రికార్డు చేసుకునే సౌకర్యం. రోజుకు పావుగంట చొప్పున వారం రోజులు.

కడపలోనే ఉంటే ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి నిఘంటువులు తిరగేయండి. 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే తెలుగులో మునిగిపోయిన మనిషి ఆయన. అయితే ఒక జాగ్రత్త: బ్రౌన్ నాటి నిఘంటువులు తెలుగు మాటల లోతు చూడటానికి గొప్పవి. ఇప్పటి ఇంగ్లీషు వాడుక కోసం మాత్రం కొత్తవాటినే చూడాలి.

1. పక్కన ఏ మాట ఉందో చూడండి

‘హార్డ్’ను ఒంటరిగా బట్టీ పట్టవద్దు. దాని తర్వాత వచ్చే మాటతో కలిపే చదవండి. అర్థాన్ని తేల్చేది ఆ పక్క మాటే. నోటుపుస్తకంలో ఒక పేజీని మూడు వరుసలుగా గీసి, పైన గట్టి, కష్టం, కఠినం అని రాయండి.

రాయి, చెక్క, నేల, పరుపు లాంటి చేతికి తగిలే వస్తువు పక్కన ఉంటే అర్థం గట్టి. ప్రశ్న, పరీక్ష, పని, నిర్ణయం పక్కన ఉంటే కష్టం. మనిషి, మాట, చూపు, మనసు పక్కన ఉంటే చాలావరకు కఠినం. ‘హార్డ్ ఫ్లోర్’ గట్టి నేల, ‘హార్డ్ క్వశ్చన్’ కష్టమైన ప్రశ్న, ‘హార్డ్ వర్డ్స్’ కటువైన మాటలు. చివరిదాని విషయంలో జాగ్రత్త. ‘హార్డ్ వర్డ్’ను పాఠం చెప్పేటప్పుడు వాడితే ‘అర్థంకాని కష్టమైన పదం’ అనీ అవుతుంది. అలాంటి చోట పక్క మాట ఒక్కటే సరిపోదు, రెండో మెట్టు ఎక్కాలి.

2. వ్యతిరేకార్థంతో పరీక్షించండి

నేను చెప్పేవాటిలో అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ‘హార్డ్’ ఉన్న చోట దానికి వ్యతిరేక పదం పెట్టి చూడండి. ‘సాఫ్ట్’ అతికితే గట్టి అన్న అర్థం. ‘ఈజీ’ అతికితే కష్టం. ‘కైండ్’ గానీ ‘జెంటిల్’ గానీ అతికితే కఠినం.

ఇప్పుడు హార్డ్ వాటర్ సంగతి చూద్దాం. దానికి వ్యతిరేకం సాఫ్ట్ వాటర్, అంటే మొదటి వరుసలోదే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగిన నీళ్లు ఇవి. బడి పుస్తకంలో కఠిన జలం అని చదువుకున్నది ఇదే. మన బోరు నీళ్లకు చాలా చోట్ల సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున, గీజరులో తెల్లటి పొర పేరుకుంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు సర్దుకోవచ్చు. నీటి పరీక్ష నివేదికలో ‘టోటల్ హార్డ్‌నెస్’ అనే వరుస ఎదురుగా ఉండేది ఈ అంకే. ఫ్లోరైడ్ వేరు, దానికి విడిగా మరో వరుస ఉంటుంది. హార్డ్ వాటర్ అంటే ఫ్లోరైడ్ నీళ్లని అనుకోవద్దు.

ఇదే పరీక్షతో హార్డ్ కాపీ, హార్డ్ డ్రింక్ కూడా తేలిపోతాయి. సాఫ్ట్ డ్రింక్ మత్తు లేని కూల్ డ్రింక్, హార్డ్ డ్రింక్ మద్యం. సాఫ్ట్ కాపీ తెర మీద కనిపించేది, హార్డ్ కాపీ కాగితం మీద అచ్చయినది. ‘దరఖాస్తు హార్డ్ కాపీ తీసుకురండి’ అని నోటీసులో ఉంటే ఫోనులో ఫోటో చూపిస్తే కుదరదు, ప్రింటు తీసుకెళ్లాలి.

‘హార్డ్ లక్’, ‘హార్డ్ క్యాష్’ లాంటివి మాత్రం ఈ పరీక్షకు లొంగవు. వాటి సంగతి ఎనిమిదో మెట్టులో.

3. తెలుగులో ‘గట్టి’ అనుకోగానే ఆగండి

మన తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. తెలుగులో గట్టి చాలా పనులు చేస్తుంది. పెరుగు గట్టిది, కాఫీ గట్టిది, నమ్మకం గట్టిది, మూత గట్టిగా బిగిస్తాం, గట్టిగా అరుస్తాం. ఇంగ్లీషు ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకుంది.

గట్టి పెరుగు ‘థిక్ కర్డ్’. గట్టి కాఫీ ‘స్ట్రాంగ్ కాఫీ’. గట్టి నమ్మకం ‘ఫర్మ్ బిలీఫ్’. గట్టిగా పట్టుకో అంటే ‘హోల్డ్ టైట్’. గట్టిగా మాట్లాడు అంటే ‘స్పీక్ లౌడ్లీ’, అంతకంటే సహజంగా ‘స్పీక్ అప్’. వీటిలో ఎక్కడా హార్డ్ రాదు. ‘స్పీక్ హార్డ్’ అని ఎవరూ అనరు.

మరి హార్డ్ ఎక్కడ వస్తుంది? బలం ప్రయోగించే క్రియల దగ్గర వస్తుంది. గట్టిగా కొట్టు ‘హిట్ హార్డ్’, గట్టిగా నెట్టు ‘పుష్ హార్డ్’. రాత్రి వాన గట్టిగా కురిసింది అంటే ‘ఇట్ రెయిన్డ్ హార్డ్’. కానీ గట్టి వాన అని నామవాచకంగా చెప్పాలంటే ‘హెవీ రెయిన్’ సహజం.

ఇంకా దగ్గరగా చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది రాగి సంగటి. పొయ్యి మీద నుంచి దించి ముద్ద చేసినప్పుడు ‘సంగటి గట్టిగా ఉంది’ అంటాం. అది పలుచగా లేదని అర్థం, కాబట్టి ‘థిక్’. అదే ముద్ద రాత్రంతా గిన్నెలో ఆరిపోయి, పొద్దున వేలితో నొక్కితే లోపలికి దిగకపోతే అప్పుడది ‘హార్డ్’. తెలుగులో రెండింటికీ ఒకటే మాట, ఇంగ్లీషులో వేర్వేరు.

రెండోది ‘గట్టిగా చదువు’. పిల్లవాడు గొణుగుతుంటే టీచరు అనే గట్టిగా చదువు వేరు. పరీక్షల ముందు తండ్రి అనే గట్టిగా చదువు వేరు. మొదటిది ‘రీడ్ అలౌడ్’, రెండోది ‘స్టడీ హార్డ్’. ఇంగ్లీషులోకి మార్చేముందు మీరు ఎవరి మాట చెబుతున్నారో తేల్చుకోండి.

ఏ మాట వాడాలో తోచకపోతే గట్టి బదులు తెలుగులోనే మరో మాట పెట్టి చూడండి. చిక్కటి, బిగుతైన, పైకి వినపడేలా, బలంగా, దృఢమైన. వీటిలో ఏది అతికితే దానికి ఇంగ్లీషు వెతకండి. తప్పు చాలావరకు అక్కడే తగ్గిపోతుంది.

4. ‘కష్టం’ దగ్గర కూడా ఆగండి

‘నాకు రావడం కష్టం’ అనడానికి ‘ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్’ అనేవాళ్లు చాలామంది. అలా అంటే కష్టం మీలో ఉన్నట్టు అవుతుంది. వాక్యాన్ని ‘ఇట్’తో మొదలుపెట్టండి: “ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ మీ టు కమ్.” ఈ ఒక్క వాక్య నమూనా నోటికి వస్తే చాలు, చివరి మాట మార్చుకుంటూ వందల వాక్యాలు చెప్పుకోవచ్చు. ‘హీ ఈజ్ హార్డ్ టు ప్లీజ్’ మాత్రం తప్పు కాదు. ఆయనను మెప్పించడం కష్టమని దాని అర్థం. అక్కడ మెచ్చుకోవాల్సినవాడు ఆయన, మెప్పించాల్సినవాళ్లు ఇతరులు.

కష్టపడటానికి ‘హార్డ్ వర్క్ చేయడం’ అనే మాట తెలుగులో స్థిరపడిపోయింది. దాన్నే తిరిగి ఇంగ్లీషులో పెడితే ‘ఐ విల్ డూ హార్డ్ వర్క్’ అవుతుంది. అర్థం తెలుస్తుంది కానీ పరాయిగా వినిపిస్తుంది. ‘ఐ విల్ వర్క్ హార్డ్’ అనండి. హార్డ్ వర్క్ లెక్కపెట్టే వస్తువు కాదు. ముందు ‘ఎ’ పెట్టకూడదు, వెనక ‘ఎస్’ చేర్చకూడదు. కష్టపడే మనిషి అయితే ‘ఎ హార్డ్ వర్కర్’, ఇక్కడ ‘ఎ’ ఉండాలి.

కష్టార్జితం అనే చక్కటి మాటకు ఇంగ్లీషులో సరితూగేది ‘హార్డ్ ఎర్న్డ్ మనీ’. రాసేటప్పుడు హార్డ్‌కూ ఎర్న్డ్‌కూ మధ్య చిన్న గీత పెట్టాలి. కష్టజీవిని చెప్పే ‘హార్డ్ వర్కింగ్’కు కూడా అంతే. కష్టాలు పడ్డాం అనేదానికి ‘హార్డ్స్’ అనే మాటే లేదు. ‘వుయ్ హ్యాడ్ ఎ హార్డ్ టైమ్’ అనండి, లేదా ‘హార్డ్‌షిప్’ వాడండి.

పత్రికల్లో కనిపించే కఠిన కారాగార శిక్షను ‘హార్డ్ ఇంప్రిజన్‌మెంట్’ అని రాయకూడదు. చట్టంలో దాని పేరు ‘రిగరస్ ఇంప్రిజన్‌మెంట్’. పాత భారతీయ శిక్షాస్మృతి 53వ సెక్షన్ దాన్ని ‘హార్డ్ లేబర్’తో కూడిన శిక్ష అని వివరించింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ వివరణ కొనసాగుతోంది. అక్కడ ‘హార్డ్’ శిక్షకు పేరు కాదు, ఖైదీ చేత చేయించే పనికి విశేషణం.

‘హార్డ్’కూ ‘డిఫికల్ట్’కూ తేడా ఏమిటని కూడా అడుగుతుంటారు. కష్టం అన్న అర్థంలో రెండూ ఒకటే. మాటల్లో హార్డ్ ఎక్కువ, దరఖాస్తుల్లో, ఉత్తరాల్లో డిఫికల్ట్ బాగుంటుంది. రాయికీ చెక్కకూ మాత్రం డిఫికల్ట్ ఎప్పుడూ రాదు.

5. హార్డ్‌కు ‘లీ’ తగిలించవద్దు

‘స్లో’కు ‘లీ’ చేరిస్తే ‘స్లోలీ’. ఆ లెక్కన ‘హార్డ్’కు ‘లీ’ చేరిస్తే ‘కష్టపడి’ అవుతుందని అందరూ అనుకుంటారు. అలా కాదు. హార్డ్ తనంత తానే క్రియావిశేషణంగా కూడా పనిచేస్తుంది. హార్డ్లీ వేరే మాట, దానికి అర్థం ‘దాదాపు లేదు’.

రెండూ కూర్చునే చోటు కూడా వేరు. హార్డ్ క్రియ తర్వాత వస్తుంది, కర్మ ఉంటే దాని తర్వాత. హార్డ్లీ సాధారణంగా క్రియకు ముందు వస్తుంది. ఈ జంటలను పైకి చదవండి:

“షి స్టడీస్ హార్డ్.” ఆమె కష్టపడి చదువుతుంది.
“షి హార్డ్లీ స్టడీస్.” ఆమె చదవనే చదవదని చెప్పాలి.
“ఇట్ రెయిన్డ్ హార్డ్.” వాన దంచి కొట్టింది.
“ఇట్ హార్డ్లీ రెయిన్డ్.” వాన పడిందనిపించుకోవడానికే పడింది.

వాన కోసం ఆకాశం వైపు చూసే సీమ రైతుకు చివరి రెండు వాక్యాల మధ్య తేడా ఎవరూ వివరించనక్కరలేదు. నా విద్యార్థులకు ఈ జంటనే ముందు చెబుతాను, మళ్లీ మరచిపోరు.

హార్డ్లీ వాడినప్పుడు ‘నాట్’ చేర్చకూడదు. తెలుగులో ‘అతను నాకు అంతగా తెలియదు’ అంటాం, కాదనడం క్రియలోనే ఉంటుంది. అందుకే ఇంగ్లీషులో చెప్పేటప్పుడు కూడా నోరు ‘డోంట్’ వైపు పోతుంది. ‘ఐ డోంట్ హార్డ్లీ నో హిమ్’ తప్పు, ‘ఐ హార్డ్లీ నో హిమ్’ ఒప్పు. లేదనడం హార్డ్లీలోనే ఇమిడి ఉంది.

దీనికి తోడుగా ‘ఎనీ’, ‘ఎవర్’ వస్తాయి. ఎండాకాలంలో కడప దగ్గర పెన్నను చూపించి ‘నీళ్లు లేవనే చెప్పాలి’ అంటే “దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ వాటర్.” ఎప్పుడో గానీ రాడు అనడానికి “హీ హార్డ్లీ ఎవర్ కమ్స్.”

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ‘బస్సు కదిలిందో లేదో వాన మొదలైంది’ అనే అర్థంలో హార్డ్లీతో వాక్యం మొదలైతే, రెండో భాగం ‘వెన్’తో మొదలవుతుంది. ‘దాన్’ వచ్చేది ‘నో సూనర్’తో. తప్పు దిద్దే ప్రశ్నల్లో ఈ రెండింటినీ మార్చి పెడతారు. హార్డ్లీ వెనక ‘హ్యాడ్’ ముందుకు వస్తుందని కూడా చూసుకోండి: “హార్డ్లీ హ్యాడ్ ద బస్ లెఫ్ట్.”

6. పోలిక చెప్పేటప్పుడు

‘మోర్ హార్డ్’ అనవద్దు. ‘హార్డర్’, ‘హార్డెస్ట్’ అనాలి. ఇంకా కష్టపడు అంటే ‘వర్క్ హార్డర్’.

ఇది మనసులో నిలవాలంటే మన రాళ్లనే తీసుకోండి. ఎర్రగుంట్ల వైపు దొరికే నాపరాయి సున్నపురాయి జాతిది. ఇంట్లో పరిచిన బండ ముక్క ఒకటి ఉంటే, కనపడని మూలలో ఇనుప మేకుతో గీయండి, గీత పడి నిలుస్తుంది. గ్రానైట్ మీద అంత తేలికగా పడదు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే పద్ధతిని ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించాడు. సున్నపురాయిలో ప్రధానంగా ఉండే కాల్సైట్‌కు అందులో 3, గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్‌కు 7, వజ్రానికి 10. తొలకరి పడగానే పొరుగున అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో జనం వెతికేది ఆ పదో నంబరు కోసమే. నాపరాయి ‘హార్డ్’, గ్రానైట్ ‘హార్డర్’, వజ్రం ‘ద హార్డెస్ట్’. మూడోదానికి ముందు ‘ద’ మరవద్దు.

7. పలకడం

‘హా’ను సాగదీసి, చివర ‘డ్’ దగ్గర ఆపేయండి. తెలుగు అలవాటులో ‘హార్డు’ అని ఉకారం చేరుస్తాం, అది ఇంగ్లీషులో అక్కరలేదు. గుండెను చెప్పే ‘హార్ట్’ చివర ట్ ఉంటుంది. తొందరగా పలికితే ‘హార్ట్ ఎటాక్’ కాస్తా ‘హార్డ్ ఎటాక్’ అవుతుంది, ఇది మన దగ్గర నిత్యం వినపడే తప్పు. విన్నాను అనే ‘హర్డ్’లో మొదటి అక్షరం ‘హా’ కాదు. హార్డ్, హార్ట్, హర్డ్ మూడింటినీ రికార్డు చేసి, మరునాడు విని, ఏది ఏదో మీకే తెలుస్తుందో లేదో చూసుకోండి.

8. విడగొట్టకుండా నేర్చుకోవాల్సినవి

ఇవి కొన్నే. ‘హార్డ్ క్యాష్’ అంటే చేతికి వచ్చే నోట్లు, నాణేలు. ‘హార్డ్ అప్’ అంటే చేతిలో డబ్బు ఆడని స్థితి. ‘హార్డ్ ఆఫ్ హియరింగ్’ అంటే వినికిడి తక్కువ, పెద్దవాళ్ల గురించి మర్యాదగా చెప్పడానికి బాగుంటుంది. ఓడినవాడితో ‘హార్డ్ లక్’ అంటే ‘పాపం, అదృష్టం కలిసిరాలేదు’ అని ఓదార్పు. వాదన ముగిశాక ‘నో హార్డ్ ఫీలింగ్స్’ అంటే ‘మనసులో ఏమీ పెట్టుకోవద్దు’. ‘హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్’ అంటే మార్చడానికి వీల్లేని నియమం. ఎక్కువగా ‘అలాంటిదేమీ లేదు’ అని చెప్పడానికే వాడతారు. ఇందులో ‘ఫాస్ట్’కు వేగంతో సంబంధం లేదు, కదలకుండా బిగిసి ఉన్నది అని అర్థం.

ఉద్యోగ దరఖాస్తులో ‘హార్డ్ వర్కింగ్’ అని ఊరికే రాసుకోవడం నాకు నచ్చదు. అందరూ రాసేదే కాబట్టి చదివేవాళ్ల కంటికి ఆనదు. ఏ పని మీద కష్టపడ్డారో ఒక వాక్యంలో చెప్పండి: “ఐ వర్క్డ్ హార్డ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్.” తర్వాత ఆ పని ఏమిటో, ఏం సాధించారో చెప్పండి.

సరిచూసుకోండి

వారం గడిచాక, పై మెట్లు చూడకుండా ఈ ఏడు వాక్యాలను ఇంగ్లీషులో రాయండి.

1. తలుపు గట్టిగా నెట్టు.
2. గట్టిగా మాట్లాడండి, మీ మాట సరిగా వినపడటం లేదు.
3. ఇది మా నాన్న కష్టార్జితం.
4. రోజూ ప్రొద్దుటూరు నుంచి రావడం నాకు కష్టం.
5. ఈ పేపరు పోయినసారి కంటే కష్టంగా ఉంది.
6. వేసవిలో మా వీధికి నీళ్లు రావనే చెప్పాలి.
7. ఆయన బస్సు దిగాడో లేదో ఫోను మోగింది.

జవాబులు ఇవి. మీ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఇలాగే ఉండనక్కరలేదు, హార్డ్, హార్డ్లీ కూర్చున్న చోటు చూడండి.

1. పుష్ ద డోర్ హార్డ్.
2. స్పీక్ అప్ ప్లీజ్, ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ.
3. దిస్ ఈజ్ మై ఫాదర్స్ హార్డ్ ఎర్న్డ్ మనీ.
4. ఇట్ ఈజ్ హార్డ్ ఫర్ మీ టు కమ్ ఫ్రమ్ ప్రొద్దుటూర్ ఎవ్రీ డే.
5. దిస్ పేపర్ ఈజ్ హార్డర్ దాన్ ద లాస్ట్ వన్.
6. దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ వాటర్ ఇన్ అవర్ స్ట్రీట్ ఇన్ సమ్మర్.
7. హార్డ్లీ హ్యాడ్ హీ గాట్ ఆఫ్ ద బస్ వెన్ ద ఫోన్ ర్యాంగ్.

1 తప్పితే మూడో మెట్టు మళ్లీ చదవండి. 3, 4 తప్పితే నాలుగోది, 5 తప్పితే ఆరోది. 2, 6, 7లో ఏ ఒక్కటి తప్పినా అయిదో మెట్టులోని జంట వాక్యాలను మరో మూడు రోజులు పైకి చదివి, మీ ఇంటి సంగతులతో అలాంటి జంటలు అయిదు సొంతంగా రాయండి. రెండులో హార్డ్లీ బదులు ‘కాంట్ హియర్ యూ ప్రాపర్లీ’ అని రాస్తే అదీ ఒప్పే, దానికి మార్కు వేసుకోండి.